గ్రావెల్ బైక్ టైర్లు: ఏ బాటకు ఏ టైరు? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా గ్రావెల్ బైకు, అంటే కంకర, మట్టి బాటల మీద కూడా తొక్కే సైకిలు, ఎక్కినవాళ్లు టైరు చేతికివ్వగానే మొదట బొటనవేలితో దాని మీది రబ్బరు గుబ్బలు నొక్కి చూస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. నాలుగైదు జతలు అరగదీశాక నాకు అర్థమైన వరుస వేరు: ముందు వెడల్పు, తర్వాత టైరు తొడుగు (రబ్బరు కింద ఉండే దారపు గుడ్డ), ఆ తర్వాత గాలి, గుబ్బలు ఆఖర్న. కింది జవాబులు ఆ లెక్కలో రాసినవే.

గ్రావెల్ టైరు అంటే అసలు ఏమిటి? రోడ్డు టైరుకూ ఎంటీబీ (కొండబాటల సైకిలు) టైరుకూ మధ్య రకమేనా?

అంతే. రోడ్డు టైర్లు ఇప్పుడు ఎక్కువగా 28 నుంచి 32 మి.మీ. ఉంటున్నాయి, ఎంటీబీ టైర్లు 2.2 అంగుళాలు, అంటే 56 మి.మీ. చుట్టుపక్కల మొదలవుతాయి. గ్రావెల్ టైర్లు వీటి మధ్యలో, 35 నుంచి 50 మి.మీ. వరకు. ఈ గీతలు ఇప్పుడు చెరిగిపోతున్నాయనుకోండి. ఫ్రేములో చోటుంటే పందేల్లో కూడా 2.1, 2.2 అంగుళాల ఎంటీబీ టైర్లు ఎక్కించేవాళ్లు పెరిగారు.

టైరు పక్కన 40-622 అని ఒకచోట, 700×40సీ అని ఇంకోచోట ఉంది. దేన్ని నమ్మాలి?

మొదటిదాన్ని. 40 అంటే టైరు వెడల్పు, 622 అంటే రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 700సీ అన్నా, ఎంటీబీ వాళ్లు 29 అంగుళాలు అన్నా అదే 622. 650బీ అన్నా 27.5 అన్నా 584. ఈ మూడంకెల సంఖ్య రిమ్ముదీ టైరుదీ ఒకటే అయితే టైరు కూర్చుంటుంది, కాకపోతే ఎంత బలం పెట్టినా కూర్చోదు.

40 అన్న అంకెను మాత్రం కొంచెం అనుమానంగానే చూడండి. లోపలి వెడల్పు 19 మి.మీ. ఉన్న రిమ్ము మీద 40 వచ్చిన టైరు, 25 మి.మీ. రిమ్ము మీద 42 దాకా సాగొచ్చు. ఎక్కించి గాలి కొట్టి ఒక రోజు ఆగి కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

నా ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో ఎలా తెలుస్తుంది?

తయారీదారు చెప్పిన గరిష్ఠ కొలత మొదటి మాట. అది దొరక్కపోతే ఇప్పుడున్న టైరుకీ ఫ్రేముకీ మధ్య అన్నిటికంటే ఇరుకైన చోటు వెతకండి. ఎక్కువగా అది వెనక చక్రం దగ్గర, పెడళ్ల ఇరుసు వెనకాల ఉంటుంది. కొత్త టైరు ఎక్కాక అక్కడ రెండు పక్కలా కనీసం 4 మి.మీ. ఖాళీ మిగలాలి. బురదలో తిరిగేవాళ్లకు 6 అయినా ఉండాలంటాను. ఇరుక్కున్న చిన్న రాయి ఒక్కటి చాలు, కార్బన్ ఫ్రేము మీద రంగు, ఆ తర్వాత కార్బన్ కూడా గీకేస్తుంది.

పాత సైక్లోక్రాస్ బైకును, అంటే గడ్డి, బురద చుట్ల పందేలకు చేసినదాన్ని, గ్రావెల్‌కు వాడుతున్నవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఆ పందేల్లో అంతర్జాతీయ సైక్లింగు సంఘం యూసీఐ 33 మి.మీ. మించిన టైరును అనుమతించదు. చాలా ఫ్రేములు ఆ కొలత చుట్టూనే కట్టారు.

సన్న టైరు, గట్టి గాలి ఉంటేనే కదా వేగం? వెడల్పైతే బైకు ఈడ్చదా?

నున్నటి తారు మీద, నున్నటి ఉక్కు డ్రమ్ము మీద పరీక్షించినప్పుడు గాలి పెరిగేకొద్దీ టైరు తేలిగ్గా దొర్లుతుంది. అందుకే ఆ నమ్మకం తరాలపాటు నిలిచింది. ఆ డ్రమ్ము మీద మనిషి ఉండడు. గతుకుల బాట మీద ఉంటాడు. టైరు గతుకును మింగకపోతే బైకూ, మీద కూర్చున్న మనిషీ కలిసి పైకి లేవాలి. ఆ లేవడానికి పట్టే శక్తి మీ కాళ్లదే. చేతులు తిమ్మిరెక్కడం, నడుము నొప్పి, చూపు అదరడం ఆ వృథాకు గుర్తులు.

ఇంకో లెక్క ఉంది. టైరు తొడుగులో పుట్టే బిగువు గాలి ఒత్తిడి మీదా, టైరు లావు మీదా కలిసి ఆధారపడుతుంది. 25 మి.మీ. టైరులో 48 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తెచ్చే బిగువును 40 మి.మీ. టైరులో 30 పీఎస్ఐ తెచ్చేస్తుంది. అంటే లావు టైరులో తక్కువ గాలి పెట్టినంత మాత్రాన అది మెత్తబడి ఈడ్చినట్టు కాదు.

జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో పేటెంటు పొందిన గాలి టైరు కథ కూడా ఇక్కడే మొదలైంది. ఆయన దాన్ని ముందు తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు బిగించాడు, గతుకుల మీద పిల్లాడు ఎగిరెగిరి పడకుండా.

వెడల్పుకు ఖర్చు లేదని కాదు. బరువు పెరుగుతుంది, ఎదురుగాలిలో కొంచెం ఎక్కువ తోయాలి, తారు మీద వేగంగా పోయే గుంపుతో కలిసి తొక్కితే ఆ తేడా తెలుస్తుంది.

మరి నాకు ఎంత వెడల్పు?

తారు రోడ్డు సగానికి పైగా ఉండి, మధ్యలో బాగా అణిగిన మట్టి బాటలు వచ్చేవాళ్లకు 35 నుంచి 38 చాలు. కంకర, గతుకులు, మట్టి అన్నీ కలిసి ఉంటే 40 నుంచి 45. ముష్టిగుద్దంత రాళ్లు, ఇసుక, అడవి కాలిబాటలు, వీపున సామాను అయితే ఫ్రేము పట్టినంత. రెండు కొలతల మధ్య ఊగిసలాడుతుంటే పెద్దది తీసుకోండి. వెడల్పు టైరు కొన్నందుకు బాధపడినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. సన్నది కొని ఆర్నెల్లకు మార్చినవాళ్లలో నేనూ ఒకణ్ని.

అదే ఫ్రేములో 650బీ చక్రాలు వేస్తే ఇంకా లావు టైరు పడుతుందంటారు. నిజమేనా?

చాలా ఫ్రేముల్లో పడుతుంది. కూడిక చేసి చూడండి: 584కు రెండు 47లు కలిపితే 678. 622కు రెండు 28లు కలిపినా అదే 678. అంటే 650బీ మీద 47 మి.మీ. టైరు, 700సీ మీద 28 మి.మీ. రోడ్డు టైరు బయటి కొలతలో ఒకటే ఎత్తు. బైకు నడక మారదు, మెత్తదనం మాత్రం బోలెడు. చిన్న ఫ్రేములు తొక్కే పొట్టివాళ్లకు, ముందు చక్రానికి బూటు కొన తగిలే ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇది మంచి దారి. పెద్ద రాళ్ల మీద దొర్లడానికి మాత్రం 700సీ మేలు. అదీగాక 650బీలో గ్రావెల్ టైర్ల ఎంపిక ఇప్పుడు తగ్గుతూ వస్తోంది.

సరే, ఇప్పుడైనా గుబ్బల గురించి చెప్పండి.

చెబుతాను. ఇది నిజంగానే నేలను బట్టి మారేది.

అణిగిన గట్టి మట్టి మీద గుబ్బలకు పనే లేదు. నేల గట్టిది, రబ్బరు మెత్తది, రబ్బరు ఎంత తగిలితే అంత పట్టు. నున్నటి టైరు, లేదా ఆకురాయి మీదుండే గీతల్లాంటి సన్నటి నడిమి పట్టీ ఉన్న టైరు ఇక్కడ రాజు.

గట్టి నేల మీద పలచగా గులకలు పరిచినట్టున్న బాట అన్నిటికంటే మోసకారి. గోలీలు పోసిన గచ్చు మీద నడిచినట్టుంటుంది. నేరుగా పోయినంతసేపు ఏమీ కాదు, మలుపులో చక్రం పక్కకు లేచిపోతుంది. మధ్యలో పొట్టి గుబ్బలు దగ్గరదగ్గరగా ఉండి, భుజాల మీద, అంటే నడిమి పట్టీకి రెండు పక్కలా, కాస్త పొడుగు గుబ్బలున్న టైరు ఇక్కడికి సరిపోతుంది. నిటారుగా పోతున్నప్పుడు మధ్య పట్టీ దొర్లుతుంది, బైకు వంగినప్పుడు భుజం గుబ్బలు గులకల్ని తోసి కింది నేలను పట్టుకుంటాయి. రకరకాల బాటలు తొక్కేవాళ్లలో ఎక్కువమందికి ఈ రకమే తగినది.

వదులుగా, లోతుగా పోసిన కొత్త కంకరలో గుబ్బలకంటే వెడల్పు ముఖ్యం. అంగుళాల లోతు రాళ్లు కాళ్ల కింద జారుతుంటే రెండు మి.మీ. గుబ్బ పట్టుకునేది ఏముంది?

తడి గడ్డి, మెత్తటి తోట మట్టి, ఆకులు రాలిన అడవి బాట అయితే గుబ్బలు నేలలోకి దిగి పని చేస్తాయి. ఇక్కడ ఎడంగా, పొడుగ్గా ఉన్నవి కావాలి. అవే గుబ్బలు తారు మీద గుంయ్‌మని మోగుతూ, మలుపులో వంగి గిలగిలలాడతాయి.

కొన్ని కంపెనీలు ఈ తేడాను పేర్లలోనే చెప్పేస్తాయి. పిరెల్లీ సింటురాటో గ్రావెల్‌లో హెచ్ అంటే గట్టి నేల, ఎం అంటే మిశ్రమం, ఎస్ అంటే మెత్తటి నేల. పేర్లు చూసి అర్థం కానిచోట టైరు బొమ్మలో రెండే చూడండి: గుబ్బల మధ్య ఎడం ఎంత, భుజం గుబ్బలు నడిమి గుబ్బలకంటే ఎంత పొడుగు.

వానలో తారు మీద నున్నటి టైరు జారదా? గీతలుంటే నీళ్లు బయటికి పోతాయి కదా?

అది కారు టైరు లెక్క. విమాన టైర్ల మీద నాసా పరిశోధనల్లోంచి వచ్చిన సూత్రం ప్రకారం, నీటి పొర మీద టైరు తేలడం మొదలయ్యే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 35 పీఎస్ఐ దగ్గర అది గంటకు దాదాపు 98 కి.మీ. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి నీటిని ఇంకా తేలిగ్గా చీల్చుకుపోతుంది. తడి రోడ్డు మీద సైకిలు జారితే నీటి మీద తేలి కాదు, రంగు పట్టీల మీదో, ఇనప మూతల మీదో, చమురు మరకల మీదో. అక్కడ పనికొచ్చేవి మెత్తటి రబ్బరు, కొంచెం తగ్గించిన గాలి, ముందుగా పట్టిన బ్రేకు.

ఇసుకలో?

వెడల్పు, తక్కువ గాలి, చక్రం ముందుకు తిన్నగా ఉంచి బరువు వెనక్కి వేసి తొక్కడం. గుబ్బలు ఇసుకను తవ్వడమే తప్ప పెద్దగా పట్టవు. దిగి నడవడం నామోషీ కాదు.

బురదకు ప్రత్యేక టైరు కొనాలా?

బురదల్లో రెండు జాతులున్నాయి. నీళ్లు ఎక్కువై జారుడుగా ఉండేది ఒకటి. దాంట్లో ఎడమైన పొడుగు గుబ్బలు నిజంగా పనికొస్తాయి, టైరు తిరుగుతుంటే మట్టి దానంతటదే విదిలిపోతుంది. రెండోది బంకమట్టి. దీనికి టైరు మందు లేదు. అది గుబ్బలకు అంటుకుని, పొర మీద పొర పేరుకుని, ఫ్రేములో చక్రాన్ని బిగదీస్తుంది. అమెరికాలోని కాన్సస్‌లో 2006 నుంచి జరుగుతున్న అన్‌బౌండ్ గ్రావెల్ పందెంలో వాన పడిన ఏడాది ఇదే గతి. అక్కడ కొందరు రంగు కలిపే చెక్కపుల్ల జేబులో పెట్టుకుని వెళతారు, ఫ్రేములోంచి మట్టి గీకడానికి. బంకమట్టిలో వెడల్పు టైరు మీకు శత్రువు. ఫ్రేములో 45 పట్టినా 38 వేసి చుట్టూ ఖాళీ ఉంచుకోవడం తెలివి. గట్టు మీద గడ్డి ఉంటే బైకును భుజానికెత్తుకుని దాని మీద నడవండి. చక్రాలు దొర్లించుకుంటూ పోతే బరువు రెట్టింపవుతుంది.

పదునైన రాళ్లున్న చోట ఏం చూడాలి?

తొడుగు. అన్‌బౌండ్ జరిగే ఫ్లింట్ హిల్స్ పేరులోనే చెకుముకి రాయి ఉంది. 200 మైళ్లు, అంటే దాదాపు 320 కి.మీ. ఆ రాళ్ల మీద పోవాలి. అలాంటిచోట టైర్లు ఎక్కువగా పోయేది నడిమి పట్టీలో ముల్లు గుచ్చుకుని కాదు, పక్కగోడ చీరుకుపోయి.

టైరు పెట్టె మీద టీపీఐ అని రాసే అంకె అంగుళానికి ఎన్ని దారాలో చెబుతుంది. 120 అయితే దారాలు సన్నం, టైరు మెత్తన, తేలిక. 60 అయితే దారాలు మందం, టైరు కాస్త మొద్దు, దెబ్బకు ఓర్చుకుంటుంది. కొన్ని కంపెనీలు పొరలన్నిటి దారాలూ కలిపి చెబుతాయి కాబట్టి రెండు కంపెనీల అంకెల్ని పోల్చకండి. ఒకే కంపెనీలో ఒకే టైరుకు తేలిక రకం, బందోబస్తు రకం ఉంటే వాటి బరువులు పోల్చండి. 40 మి.మీ. టైరు 450 గ్రాములకు దిగువన ఉందంటే పక్కగోడలో ఏదో మిగుల్చుకున్నారని అర్థం. నేను రాళ్ల బాటకు వంద గ్రాములు మోయడానికి ఎప్పుడూ సిద్ధమే. ఆ బుద్ధి తేలిక టైరు పక్కగోడ రెండు అంగుళాలు చీరుకుపోయి, మిట్టమధ్యాహ్నం పదకొండు కిలోమీటర్లు బైకు నెట్టుకుంటూ నడిచాక వచ్చింది.

ట్యూబ్‌లెస్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. రాళ్ల బాట తొక్కితే మాత్రం మారమంటాను. ట్యూబు ఉన్న టైరులో గాలి తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు గాట్లు పడతాయి. ట్యూబు లేకపోతే ఆ బాధ లేదు, అందుకే గాలి దించే స్వేచ్ఛ వస్తుంది. చిన్న ముళ్లు గుచ్చుకుంటే లోపలి సీలెంటు ద్రవం తనే మూసేస్తుంది.

దానికీ సేవ చెయ్యాలి. 40 మి.మీ. టైరుకు సుమారు 60 మి.లీ. పోయాలి. రెండు నుంచి ఆరు నెలల్లో అది ఎండిపోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. చక్రం చెవి దగ్గర పెట్టి ఊపండి. చప్పుడు లేకపోతే లోపల ద్రవం లేదు. కార్బన్ డయాక్సైడ్ గొట్టాలతో గాలి నింపితే చాలా రకాల లేటెక్స్ సీలెంట్లు ముద్దకట్టేస్తాయి, కాబట్టి దాన్ని అవసరానికే వాడి, ఇంటికొచ్చాక తాజాగా పోయండి.

నెలకు ఒకటి రెండుసార్లు, నున్నటి బాట మీద తొక్కేవాళ్లకు మంచి ట్యూబు, చేతిలో ఇంకో ట్యూబు చాలు.

గాలి ఎంత కొట్టాలి?

టైరు పక్కన రాసి ఉండే గరిష్ఠం వరకు కాదు. అది దాటకూడని హద్దు, అంతే.

70 కిలోల మనిషి, ట్యూబ్‌లెస్, 40 మి.మీ. టైరు, మామూలు కంకర బాట అనుకుంటే ముందు 30, వెనక 33 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. 35 మి.మీ. అయితే 38, 41 దగ్గర. 50 అయితే 22, 25 దగ్గర. ట్యూబు ఉంటే నాలుగైదు కలపండి. ఐదారు కిలోల బరువు తేడాకు ఒకటి రెండు పీఎస్ఐ అటూఇటూ. ఇవి మొదలుపెట్టే అంకెలు మాత్రమే.

ఇక్కణ్నుంచి అసలు పని. మీకు బాగా తెలిసిన రెండు మూడు కిలోమీటర్ల గతుకు బాట ఎంచుకోండి. ఒక చుట్టు తొక్కి 2 పీఎస్ఐ దించండి, మళ్లీ తొక్కండి. ఒక దశలో బైకు నేలకు అతుక్కున్నట్టు అనిపిస్తుంది. ఇంకా దించితే మలుపులో టైరు పక్కకు ఒరిగినట్టు తోస్తుంది, లేదా రాయి తగిలినప్పుడు రిమ్ము ఠంగుమంటుంది. అక్కడినుంచి 2 పెంచండి. అదే మీ అంకె. ఒక చీటీ మీద రాసి పంపుకు అంటించుకోండి, మరిచిపోతారు.

బొటనవేలితో నొక్కి చూడటం 30కీ 36కీ తేడా పట్టలేదు. అంకెల డిజిటల్ గేజి కొనండి. గ్రావెల్ కోసం పెట్టే ఖర్చుల్లో అంత గిట్టుబాటయ్యేది ఇంకోటి లేదు.

ఎండకీ చలికీ గాలి మార్చాలా?

20 డిగ్రీల్లో 35 పీఎస్ఐ కొట్టిన టైరు 40 డిగ్రీలకు చేరితే 38 దాటుతుంది. తెల్లవారుజామున కొట్టి మధ్యాహ్నం దాకా తొక్కేవాళ్లు ఒకటి రెండు తక్కువతో బయల్దేరవచ్చు.

హుక్‌లెస్ రిమ్ములున్నాయి. భయపడాలా?

భయం కాదు, లెక్క కావాలి. ఈ రిమ్ముల్లో టైరు అంచును పట్టే కొక్కెం ఉండదు. ట్యూబ్‌లెస్ రకం టైరే వేయాలి, లోపల ట్యూబు పెట్టినా సరే. యూరప్ టైరు, రిమ్ము కొలతల సంస్థ ఈటీఆర్‌టీఓ ప్రమాణం ప్రకారం గరిష్ఠం 5 బార్లు, అంటే 72.5 పీఎస్ఐ. గ్రావెల్ గాలి దాంట్లో సగం దగ్గరే ఉంటుంది. రిమ్ము తయారీదారు ఇచ్చిన అనుమతి జాబితాలో మీ టైరు ఉందో లేదో చూసుకోండి.

ముందు ఒక రకం, వెనక ఒక రకం వేయొచ్చా?

వేయొచ్చు, నేను వేస్తాను. ముందు టైరు జారితే మీరు పడతారు. వెనకది జారితే ఎక్కువసార్లు నిలదొక్కుకుంటారు. కాబట్టి పట్టు ఎక్కువున్నది, వీలైతే 2 మి.మీ. వెడల్పైనది ముందుకు. బరువు ఎక్కువ మోసేది వెనకది కాబట్టి తేలిగ్గా దొర్లేది, తొడుగు గట్టిది వెనక్కి. తలకిందులుగా వేసి పెద్ద గుబ్బలు వెనక పెట్టేవాళ్లను చూస్తుంటాను. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక చక్రం తిరిగిపోతోందని వాళ్ల బాధ, కానీ ఎక్కుడులో జారితే కాలు కింద పెడతాం, దిగుడులో జారితే మోచెయ్యి.

సామాను కట్టుకుని రోజుల తరబడి పోతే?

వెనక ఐదారు పీఎస్ఐ పెంచండి, గట్టి తొడుగు ఎంచుకోండి, తేలిక మాట మరిచిపోండి.

ఒక్క జత మాత్రమే కొంటాను. ఏది?

ట్యూబ్‌లెస్‌కు పనికొచ్చే 42 నుంచి 45 మి.మీ., మధ్యలో దగ్గర దగ్గర గుబ్బలు, భుజాల మీద కాస్త పొడుగు గుబ్బలు, మధ్యరకం తొడుగు. ఏడాదికోసారి పోదామనుకునే కలల బాట కోసం కాదు, ప్రతి వారం తొక్కే బాట కోసం కొనండి.

దారిలో పక్కగోడ తెగితే?

ఐదారు మి.మీ. లోపు చిల్లు అయితే ట్యూబ్‌లెస్ ప్లగ్గు, అంటే జిగురు పట్టీ, దూర్చి గాలి కొట్టండి. గాటు పెద్దదైతే లోపల అతుకు పెట్టి ట్యూబు వేయాలి. అతుకు లేకుండా ట్యూబు వేస్తే అది గాటులోంచి బుడగలా బయటికొచ్చి పేలుతుంది. ట్యూబు వేసే ముందు టైరు లోపలంతా వేళ్లు నెమ్మదిగా తిప్పి చూడండి. సీలెంటు అప్పటిదాకా మూసి ఉంచిన ముళ్లు చాలా ఉంటాయి.

టైరు ఎప్పుడు మార్చాలి?

నడిమి గుబ్బలు భుజాలతో సమానంగా చదునైపోయినప్పుడు, దారాలు కనిపించినప్పుడు, పక్కగోడ మీద పొక్కు లేచినప్పుడు. పొక్కు కనిపిస్తే ఆ రోజే మార్చండి. వెనకది ముందుగా అరుగుతుంది. అప్పుడు ముందుదాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయడం మంచి అలవాటు. అరిగినదాన్ని ఎప్పుడూ ముందుకు తేవద్దు. మార్చేటప్పుడు టైరు పక్కన తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు చూసుకోండి.

తీసేసిన పాత టైరును పారేయకండి. గుబ్బలు లేని పలచటి చోటు చూసి అగ్గిపెట్టెంత ముక్క కత్తిరించి, అంచులు పలచగా చెక్కి సీటు కింద సంచిలో పెట్టుకోండి. పక్కగోడ చీరినప్పుడు ట్యూబుకూ టైరుకూ మధ్య పెట్టడానికి అంతకన్నా మంచి అతుకు దొరకదు. ఆ పదకొండు కిలోమీటర్ల నడక రోజున నా సంచిలో లేనిది అదే.